వెర్మీర్ పాలు పోసే స్త్రీ చిత్రానికి ఆయిల్ రంగుల్లో నకలు వేస్తున్నాను: గోడ దగ్గర ఆగిపోయాను

ప్రశ్న: నీటిరంగుల టీచరు

అందరికీ నమస్కారం. నేను కాకినాడలో లెక్కలు చెప్పే ఉపాధ్యాయురాలిని. పన్నెండేళ్లుగా నీటిరంగులు వేస్తున్నాను కానీ ఆయిల్ రంగుల జోలికి వచ్చి ఎనిమిది నెలలే అయింది. పండ్లు, సీసాలు, ఒకటి రెండు ప్రకృతి దృశ్యాలు వేశాక, మనిషి ఉన్న పాత కాలపు చిత్రాన్ని ఒకదాన్ని ఎంచుకుని మొదటి నుంచి చివరి వరకు మళ్లీ వేస్తే చేతికి పని పట్టుబడుతుందని ఒక పెద్దాయన చెప్పారు. అందుకని డచ్చి చిత్రకారుడు యోహానెస్ వెర్మీర్ 1660 ప్రాంతంలో వేసిన, కిటికీ పక్కన నిలబడి మట్టిపాత్రలోకి పాలు వంచుతున్న పనిమనిషి చిత్రాన్ని తీసుకున్నాను. ఒక్క మనిషే కదా, వెనక వట్టి గోడే కదా, తేలిగ్గా ఉంటుందని అనుకున్నాను.

నేను చేసిన పని ఇది. దుకాణంలో ముప్పై అంగుళాలకు ఇరవై నాలుగు అంగుళాల కాన్వాస్ దొరికితే అదే తెచ్చుకున్నాను. బొమ్మను ఏ3 కాగితం మీద ప్రింట్ తీయించి, గళ్లు గీసి, పెన్సిల్‌తో కాన్వాస్ మీదికి ఎక్కించాను. కాన్వాస్ నిడివి ఎక్కువ కావడంతో పైన గోడ కొంత అదనంగా మిగిలింది. తర్వాత ముఖం పూర్తి చేసి, పసుపు రవిక పూర్తి చేసి, నీలం ఏప్రన్ పూర్తి చేసి, చివరికి టైటానియం వైట్‌లో కాస్త నలుపు కలిపి గోడ వేశాను.

ఫలితం చూస్తే మనిషిని కత్తిరించి గోడకు అతికించినట్టుంది. గోడ సున్నం కొట్టినట్టు చప్పగా ఉంది. ముఖంలో నీడ పడిన వైపు మసి పూసినట్టు తయారైంది, రవికలో నీడ కోసం నలుపు కలిపితే ఆ పసుపు ఆకుపచ్చకు తిరిగింది. నీలం పది రోజులకు కూడా ఆరలేదు, ఓపిక పట్టలేక దాని మీదే మళ్లీ రంగు వేస్తే ఇప్పుడు అక్కడక్కడ మెరుపు పోయి మచ్చలు కట్టింది. గీత తప్పలేదు, కొలతలు తప్పలేదు, అయినా బొమ్మ బతకలేదు. తప్పు ఎక్కడ జరిగిందో, ఈ కాన్వాస్‌నే బాగుచేయవచ్చో, కొత్తది మొదలుపెట్టాలో దయచేసి చెప్పండి.

జవాబు: పాత ఈజిల్

టీచరు గారూ, మీ తప్పు రంగుల్లో కంటే క్రమంలో ఉంది. నీటిరంగుల్లో తెల్ల కాగితాన్ని కాపాడుకుంటూ ఒక్కో భాగాన్ని ముగించుకుంటూ పోవడం చాలామందికి అలవాటు. ఆయిల్‌లో ఆ అలవాటు అడ్డం వస్తుంది, ఎందుకంటే పక్కన గోడ ఎంత ముదురో తెలియకుండా బుగ్గ ఎంత లేతగా ఉండాలో నిర్ణయించడం ఎవరికీ సాధ్యం కాదు. మీరు ముఖాన్ని తెల్లని కాన్వాస్‌తో పోల్చుకుని వేశారు, తర్వాత ఆ తెలుపు స్థానంలో గోడ వచ్చేసరికి లెక్క మొత్తం మారిపోయింది.

ఈ చిత్రంలో మీరు వట్టిదనుకున్న గోడే అసలు పాఠమని నా అభిప్రాయం. ఒకసారి కళ్లు చికిలించి చూడండి. వెలుగు ఎడమ కిటికీ నుంచి వస్తోంది కాబట్టి కిటికీని ఆనుకున్న గోడ నీడలో ఉండి, కుడివైపు పోయేకొద్దీ వెలుగెక్కుతుంది. మనిషి విషయంలో ఇది తిరగబడుతుంది: ఆమెకు మన ఎడమవైపు వెలుగు, కుడివైపు నీడ. అంటే వెలుగు పడిన భుజం వెనక ముదురు గోడ, నీడలో ఉన్న భుజం వెనక వెలుగు గోడ ఉండేలా వెర్మీర్ అమర్చాడు. అది చాలదన్నట్టు కుడివైపు అంచు వెంట సన్నని తెల్లటి గీత ఒకటి లాగాడు. ఆమె గోడ నుంచి ముందుకు వచ్చి నిలబడినట్టు కనిపించడానికి కారణం ఇదే, ముఖంలో పనితనం ఆ తర్వాతి మాట. మీరు గోడను అంతటా ఒకే బూడిదరంగుతో నింపారు కాబట్టి ఆమె గోడకు అతుక్కుపోయింది.

ఈ చిత్రం ఉన్న ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం వారు దీన్ని స్కానింగ్ పద్ధతులతో పరిశీలించి 2022లో వెల్లడించిన సంగతులు మీలాంటివారికి ఏ పాఠ్యపుస్తకం కంటే ఎక్కువ ఉపయోగపడతాయి. ఆమె తల వెనక గోడకు కూజాలు తగిలించే కొయ్య పలక ఒకటి, కింద కుడిమూలన నిప్పు సెగకు వాడే అల్లిక బుట్ట ఒకటి మొదట వేసుకుని, తర్వాత ఆయనే వాటిని కప్పేశాడు. ఆ బుట్ట ఉన్నచోట ఇప్పుడు మనకు కనిపించేది కాళ్లు కాచుకునే చిన్న పెట్టె, గోడ అడుగున పలకల వరస మాత్రమే. పైగా ఆమె ఎడమచేతి కింద నల్లరంగుతో తొందరగా లాగిన మందపాటి గీత బయటపడింది. వెర్మీర్ అంటే వెంట్రుకవాసి కూడా తప్పకుండా మెల్లగా వేసేవాడని మనం అనుకుంటాం, కానీ అడుగున మాత్రం ఆయన చేయి చాలా వేగంగా, మొరటుగా నడిచింది. మీరు పెన్సిల్ గీతల మధ్య రంగు నింపారు. ఆయన ముందు వెలుగునీడల ముద్దలను పరిచి, వాటిలోంచి మనిషిని బయటికి తీశాడు. ఆ కూజాల పలక పోయాకనే గోడకు ఇప్పుడున్న నిశ్శబ్దం వచ్చింది, కాబట్టి వట్టి గోడ అన్నది ఆయనకు మొదట్లోనే దొరికిన వస్తువు కాదు.

కొత్త కాన్వాస్ మీదే మొదలుపెట్టండి. అసలు చిత్రం 45.5 సెంటీమీటర్ల ఎత్తు, 41 సెంటీమీటర్ల వెడల్పు, అంటే ఇంచుమించు పద్దెనిమిది అంగుళాలకు పదహారు. ఆ కొలత దుకాణంలో సిద్ధంగా దొరక్కపోతే చెప్పి కట్టించుకోండి. పైన అదనంగా గోడ మిగిల్చితే మేకు, మేకు దిగిన రంధ్రాలు, వేలాడే బుట్ట, ఆమె వంచిన తల మధ్య ఆయన కూర్చిన దూరాలన్నీ చెదిరిపోతాయి. ప్రింట్‌ను నమ్మకండి. రైక్స్ మ్యూజియం వారి వెబ్‌సైట్‌లో ఈ చిత్రం పెద్ద సైజులో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని తెర మీద పెట్టుకుని, నలుపుతెలుపు ప్రతిని మాత్రం పక్కన అంటించుకోండి.

తెల్లటి కాన్వాస్ మీద లేత బూడిదగోధుమ పూత ఒకటి పలుచగా వేసి ఆరనివ్వండి. దాని మీద బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగును టర్పెంటైన్‌తో పలుచన చేసి, వెడల్పాటి కుంచెతో నీడలను మాత్రం పెట్టండి. వెలుగున్న చోట గుడ్డతో తుడిచి అడుగుపూతను బయటపెట్టండి. ఆ ఒక్కరోజులో కళ్లూ ముక్కూ ఏవీ వేయవద్దు. ఆరుబారల దూరం నుంచి చూసినప్పుడు కిటికీ ఎటు ఉందో చెప్పగలిగితే అడుగుపని అయినట్టే. గోడకు తెలుపు, యెల్లో ఓకర్ అనే మట్టిపసుపు, రా అంబర్ అనే మట్టిగోధుమ చాలు. చల్లబడిన చోట్ల మాత్రం అల్ట్రామెరీన్ నీలం చిటికెడు. నలుపు డబ్బా ఈ నెలంతా బీరువాలో ఉండనివ్వండి. అలాగే ప్యాలెట్ మీద ముందే గోడకు ముదురు నుంచి లేత వరకు అయిదు మెట్ల రంగు కలిపి పెట్టుకోండి, లేకపోతే ప్రతి కుంచె దెబ్బకూ కొత్తగా కలుపుతూ పోయి చివరికి అంతా ఒకే బూడిద అవుతుంది.

ఎప్పుడైనా హైదరాబాద్ వెళ్తే సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరోపియన్ చిత్రాల గదుల్లో ఒక పూట గడపండి. అక్కడ వెర్మీర్ లేడు. అయినా వెలుగున్న చోట రంగు మందంగా, నీడలో పలుచగా ఉండటం అంటే ఏమిటో ఆయిల్ చిత్రం ఎదుట పక్కకు ఒరిగి చూస్తేనే తెలుస్తుంది. ఏ తెరా దాన్ని చూపించలేదు.

జవాబు: అవిసె నూనె

క్రమం గురించి పాత ఈజిల్ గారు చెప్పింది సరే, నేను సామగ్రి వరకే మాట్లాడతాను, ఎందుకంటే మీ మచ్చలకూ ఆకుపచ్చకూ కారణాలు అక్కడే ఉన్నాయి.

ట్యూబులోని నలుపు మనకు నలుపుగా కనిపించినా చాలా నలుపులలో నీలి ఛాయ ఉంటుంది. ముఖ్యంగా ఐవరీ బ్లాక్ పసుపుతో కలిస్తే ఆలివ్ ఆకుపచ్చ వస్తుంది. పసుపు నీడకు ఓకర్, ఆపైన రా అంబర్ లేదా ఎర్రగోధుమ రంగైన బర్న్‌ట్ సియెన్నా వైపు దిగాలి. ఆ రవికకు వెర్మీర్ వాడింది సీసం, తగరం కలిసిన లెడ్ టిన్ యెల్లో. పద్దెనిమిదో శతాబ్దంలో అది వాడుక నుంచి జారిపోయింది, ఎంతగా అంటే పాత చిత్రాల్లో ఆ పసుపు ఏమిటో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. మ్యూనిక్‌లో రిచర్డ్ యాకోబి అనే శాస్త్రవేత్త 1941లో దాన్ని మళ్లీ గుర్తించాడు. మీకు ఆ రంగు అవసరం లేదు. క్యాడ్మియం లెమన్‌లో తెలుపు, చిటికెడు ఓకర్ కలిపితే కంటికి దగ్గరగా వస్తుంది. ఏప్రన్‌లోని నీలం ఆ రోజుల్లో అఫ్ఘానిస్తాన్ గనుల నుంచి వచ్చిన లాజవర్ద రాతిని నూరి తీసిన అల్ట్రామెరీన్, బంగారంతో పోల్చుకునేంత ఖరీదైనది. 1828లో ఫ్రాన్స్‌లో దాన్ని కృత్రిమంగా తయారుచేసే పద్ధతి వచ్చింది కాబట్టి ఈరోజు మన ట్యూబు ధరకు దొరుకుతోంది. పనిమనిషి ఏప్రన్‌కు అంతటి నీలం పోసిన వెర్మీర్ నలభై మూడేళ్లకే అప్పుల్లో చనిపోయాడన్నది వేరే కథ.

ఇక ఆరడం. ఆయిల్ రంగు నీళ్లలా ఆవిరైపోయి ఆరదు, అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. అంబర్‌లో ఉండే మాంగనీసు ఆ పనిని తొందరపెడుతుంది, అందుకే అడుగుపనికి అంబర్ ఒకటి రెండు రోజుల్లో సిద్ధమవుతుంది. అల్ట్రామెరీన్, ఐవరీ బ్లాక్ నిదానంగా ఆరే రకాలు. సముద్రపు గాలి తేమలో మీ నీలం పది రోజులు తీసుకోవడంలో వింతేమీ లేదు. మీరు సగం ఆరిన నీలం మీద టర్పెంటైన్ ఎక్కువైన పలుచని రంగు వేసి ఉంటారు. కింది పొర పై పొరలోని నూనెను పీల్చుకుంటే మెరుపు పోయి మచ్చలు కడతాయి. పూర్తిగా ఆరాక ఆ మచ్చల మీద అవిసె నూనెను వేలితో అతి పలుచగా రుద్ది, మిగిలినదంతా మెత్తని గుడ్డతో తుడిచేస్తే రంగు మళ్లీ తేటగా కనిపిస్తుంది, ఆపైన పని కొనసాగించవచ్చు. ముందు ముందు ఒక్క సూత్రం పాటించండి: అడుగు పొరల్లో నూనె తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ. దీన్ని తిరగేస్తే పైది ముందు ఆరి, కిందిది తర్వాత కదిలి, కొన్నేళ్లకు పగుళ్లు వస్తాయి.

తెలుపు విషయంలో ఒక హెచ్చరిక. పాతవారి తెలుపు సీసపు తెలుపు, అంటే మన పెద్దలు సఫేదా అనేది. అది గోడకు నిజంగా అందమైన వెచ్చదనం ఇస్తుంది, కానీ సీసం విషం. ఇంట్లో పిల్లలు ఉంటే దాని జోలికి పోవద్దు. పొడి రూపంలో అసలు కొనవద్దు, ఆరిన పొరను గరుకు కాగితంతో రుద్దవద్దు. టైటానియం వైట్ చాలు, దాని చల్లదనాన్ని ఓకర్ సరిదిద్దుతుంది. రవ్వంత కలిపినా మిగతా రంగులన్నిటినీ సున్నంలా మార్చే గుణం టైటానియం వైట్‌కు ఉంది, మీ గోడ అలా కావడానికి సగం కారణం అదే. ఇంకో మాట, అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకున్న సందర్భాలు ఉన్నాయి. నీళ్లున్న రేకు డబ్బాలో వేసి, బయట పారేయండి. టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి.

జవాబు: వంటింటి కిటికీ

నేను కొంచెం వేరుగా ఆలోచిస్తాను, ఇద్దరూ మన్నించాలి. నకలు వేయడం వల్ల వెర్మీర్ తీసుకున్న నిర్ణయాలు తెలుస్తాయి కానీ అవి ఎందుకు తీసుకున్నాడో తెలియదు. అది తెలియాలంటే ఒకసారి ఆ దృశ్యాన్నే ఇంట్లో పెట్టి చూడాలి.

మూడేళ్ల కిందట నేనూ ఇదే చిత్రంతో కుస్తీ పట్టి, విసిగిపోయి, ఉదయం ఎనిమిది గంటలకు మా వంటింటి కిటికీ పక్కన బల్ల వేసి, మా కోడలిని ఇత్తడి చెంబుతో నిలబెట్టాను. పాలు పోయమంటే చెంబు నాలుగు క్షణాల్లో ఖాళీ అయింది. రెండుసార్లు పోశాక, పాలతో ఆటలేమిటని మా ఆవిడ కేకలేసింది. చివరికి వట్టి చెంబునే వంచి పట్టుకోమన్నాను. అప్పుడు అర్థమైంది, వెర్మీర్ ధార ఎందుకంత సన్నగా ఉందో. ఆమె జాగ్రత్తగా, కొలిచినట్టు, నిదానంగా వంచుతోంది, అందుకే ఎడమచేయి కూజా అడుగున ఆని ఉంది, తల అంతగా ఒరిగి ఉంది. బరువు మోసే చేయి ఏది, ఆపే చేయి ఏది అన్నది మా కోడలి మోచేతుల్లో చూశాక నా పాత నకలులోని చేతులు పాత్రను తాకుతున్నాయే తప్ప మోయడం లేదని తెలిసింది. మీ కొలతలు సరిగ్గా ఉండి కూడా బొమ్మ బతకకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఇంకొకటి కూడా కనిపించింది. చిత్రంలో ఆమె చేతులను గమనించండి. మణికట్టు, అరచేయి ఎర్రగా కమిలి ఉంటాయి, పైకి మడిచిన రవిక చేతుల దగ్గర మాత్రం చర్మం పాలిపోయి ఉంటుంది. రోజూ నీళ్లలో, ఎండలో, పొయ్యి దగ్గర పని చేసే మనిషి చేయి అది. ఒకే చర్మపు రంగు కలుపుకుని ముఖానికీ చేతికీ వాడేవారికి ఇది ఎప్పటికీ పట్టుబడదు.

నకలు మానమని అనను. మొత్తం చిత్రం మీద పడే ముందు మూడు చిన్న అభ్యాసాలు చేయండి: రొట్టెల బుట్ట ఒకటి, కూజా, ధార, పాత్ర కలిపి ఒకటి, ముంజేయి ఒకటి. ఒక్కోదానికి రెండేసి పూటలు, అంతకంటే ఎక్కువ వద్దు. మూడోది మాత్రం ఇంట్లో ఉన్న మనిషిని చూసే వేయండి.

ప్రత్యుత్తరం: నీటిరంగుల టీచరు

ముగ్గురికీ కృతజ్ఞతలు. లెక్కల టీచరునై ఉండి 45.5 కి 41 నిష్పత్తిని వదిలేసి దుకాణంలో దొరికిన కాన్వాస్‌కు ఒప్పుకున్నందుకు సిగ్గుపడుతున్నాను. రెండు సందేహాలు. రొట్టెల మీద తెల్లటి చుక్కలు ఉన్నాయి కదా, అవి ముందు పెట్టాలా, చివర పెట్టాలా? నాకు అవి నువ్వుల్లా వస్తున్నాయి. రెండోది, గళ్ల పద్ధతి వదిలి ట్రేసింగ్ కాగితంతో గీత దించుకుంటే అది మోసమవుతుందా? మా మిత్రులొకరు అదే మాటతో ఎత్తిపొడిచారు.

జవాబు: పాత ఈజిల్

చుక్కలు చివరి పూటకు పెట్టుకోండి. అంతకుముందు రొట్టె మొత్తం గోధుమరంగులో గుండ్రంగా నిలబడాలి, చుక్కలు లేకుండానే అది రొట్టె అని తెలియాలి. ఆపైన వెలుగు తగిలే వంపు మీద మాత్రమే మందపాటి రంగును కుంచె కొనతో ఆనించి వదలాలి. ఆయన చుక్కలు రొట్టె గరుకును చెప్పడానికి పెట్టినవి కావు, వాటిలో కొన్ని అసలు రొట్టె ఉపరితలానికి సంబంధం లేనట్టు వెలుగు మీద తేలుతుంటాయి. మీవి నువ్వుల్లా రావడానికి కారణం అన్నీ ఒకే పరిమాణంలో, ఒకే దూరంలో పడటమే. బుట్ట అంచుకు పోయేకొద్దీ వాటిని చిన్నవి చేసి, నీడలో పూర్తిగా ఆపేయండి.

ట్రేసింగ్ మోసం కాదు, ఎందుకంటే మీరు నేర్చుకుంటున్నది రంగు, అంచులు, పొరలు. గీతను వేరే రోజు వేరే కాగితం మీద సాధన చేసుకోవచ్చు. వెర్మీర్ స్వయంగా చీకటిపెట్టె (ఎదుటి దృశ్యాన్ని లోపల బొమ్మగా పడేలా చేసే కెమెరా అబ్స్క్యూరా) లాంటి పరికరం వాడాడా లేదా అని పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు. గది గీతల విషయంలో మాత్రం ఆయన వాడిన ఉపాయం ఒకటి దొరికింది: గీతలన్నీ కలిసే బిందువు దగ్గర కాన్వాస్‌కు సూది గుచ్చి, దారం లాగి చూసుకున్నాడు, ఈ చిత్రంలో ఆ రంధ్రం ఆమె కుడిచేతికి కాస్త పైన ఉంది. మీ మిత్రులు మళ్లీ ఎత్తిపొడిస్తే ఆ సూది సంగతి చెప్పండి.

కాన్వాస్ వెనక మాత్రం వెర్మీర్ చిత్రానికి నకలు అని, మీ పేరూ తేదీ రాయడం మరవకండి. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో కూర్చుని నకళ్లు వేసేవారిని అసలు కొలతలోనే వేయనివ్వరు, ఇంట్లో మనకు ఆ నిబంధన లేదు కనుక వెనక రాతే మన నిబంధన. హాన్ వాన్ మీగరెన్ అనే డచ్చి చిత్రకారుడు నకలు వేయకుండా వెర్మీర్ పేరుతో కొత్త చిత్రాలే కల్పించి అమ్మాడు. 1937లో రాటర్‌డామ్ మ్యూజియం ఒకదాన్ని కొనుక్కుంది కూడా. రంగు త్వరగా గట్టిపడటానికి అందులో బేకలైట్ అనే ప్లాస్టిక్ తయారీకి వాడే రసాయనం కలిపాడు. ఇప్పుడు ఆ ముఖాలను చూస్తే వాటిని వెర్మీర్ అని ఎలా నమ్మారో అర్థం కాదు, కానీ అప్పటి నిపుణులు నమ్మారు.

ప్రత్యుత్తరం: నీటిరంగుల టీచరు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. పద్దెనిమిదికి పదహారు కాన్వాస్ కట్టించాను. మూడు అభ్యాసాల్లో రొట్టెలు పరవాలేదు, ధార రెండుసార్లు తుడిచేశాను, మా చెల్లెలి ముంజేయి చూసి వేసింది మాత్రం ఇప్పటిదాకా నేను వేసిన వాటిలో మేలైనదని ఇంట్లో అందరూ అంటున్నారు. అంబర్‌తో అడుగుపని ఒక ఆదివారం పూర్తి చేశాను, మా అబ్బాయిని గుమ్మం దగ్గర నిలబెట్టి కిటికీ ఎటు ఉందని అడిగితే తడుముకోకుండా ఎడమవైపు చూపించాడు.

గోడకు అయిదు మెట్లు కలిపితే నాకు చాలలేదు, ఏడు కలిపాను. కుడివైపు వెలుగును పెంచుతూ పోతుంటే ఇంకా ముఖం కూడా వేయని ఆ మనిషి భుజం దానంతట అదే గోడ నుంచి విడివడింది, ఆ క్షణంలో కుంచె కింద పెట్టి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నలుపు డబ్బా ఇంకా బీరువాలోనే ఉంది. గోడ ఆరడానికి ఇంకా నాలుగైదు రోజులు పట్టేలా ఉంది, మేకు, దాని నీడ వచ్చే ఆదివారం పెడతాను.